కోతకు ముందు గీత

ముప్పదియైదేండ్లు నేను తెలుగు పండితుడనుగా పనిచేసితిని. పిల్లలు వ్రాసిన ఉక్తలేఖనములు దిద్దుటయే ఆ యుద్యోగములో పెద్ద పాలు. ఒత్తు విడిచినవానిచేత ఒత్తు పెట్టించితిని; సున్న మరచినవానిచేత సున్న చుట్టించితిని; శ, ష, సల భేదమెరుగని వానిని బల్లపై నిలువబెట్టితిని. అట్టి నేను నిరుడు చేసిన ఒక పొరపాటును ముందుగా మీకు విన్నవించి, ఆ పొరపాటు నన్ను ఏయే దేశములకు, ఏయే కాలములకు త్రిప్పినదో పిమ్మట చెప్పెదను.

మా గ్రామమున నా గురువుగారి పాత యిల్లు ఉన్నది. వారు కాలము చేసి చాల యేండ్లయినది. వారి కుమారులు ఆ యింటిముందరి వసారాను ఊరికి ఇచ్చిరి. వారియొద్ద చదువుకొన్న వారమందరము తలకింత వేసికొని, అందు పుస్తకములును పత్రికలును చేర్చి, పఠనమందిరము అని పేరు పెట్టితిమి. ఆ పేరు నేను సూచించినదే. దానికి కారణము కలదు. మా గురువుగారికి ఠకారమనిన ప్రాణము. పటనము అని పలికిన పిల్లవానిని వారు కొట్టెడివారు కారు. కడుపులోనుండి గాలి వెడలువరకు పదిసారులు పలికించెడివారు. ఆ శిక్ష నేనును అనుభవించితిని.

ద్వారముపైని ఒక ఇనుపరేకులో ఆ పేరు కోయించి బిగింపవలెనని తీర్మానమయ్యెను. అక్షరమున్నచోట రేకునకు రంధ్రముండును. వెనుక దీపము పెట్టినచో రాత్రివేళ పేరంతయు వెలుగుగా కనబడును. ఈ పనికై పట్టణమున లేజరు యంత్రముతో రేకులు కోయు దుకాణమునకు పోయితిని. అచటి పిల్లవాడు ఆ పేరును కంప్యూటరులో కూర్చి, కాగితముమీద అచ్చుతీసి నా చేతికిచ్చెను.

"అయ్యవారూ, ఒకసారి సరి చూసుకోండి. నేను మీట నొక్కినాక అది ఆగదు" అనెను.

నేను కళ్లజోడు సవరించుకొని చూచితిని. ఠకారములో చుక్క ఉన్నది. మకారము ప్రక్కన సున్న ఉన్నది. ఒక్క తప్పును లేదు. "సరిగానే ఉంది నాయనా, కోయి" అంటిని.

యంత్రము కోసెను. రేకును పైకెత్తగానే ఖణఖణమని బిళ్లలు నేలరాలినవి. సున్న నడిమి బిళ్ల ఒకటి; దికారముపై నున్న గుడి నడిమి బిళ్ల ఒకటి; రేఫము కడుపులోనిది ఒకటి; ఠకారము కడుపులోనిది, చుక్క సహితముగా, ఇంకొకటి. రేకులో సున్న యుండవలసినచోట గుండ్రని బొక్క మిగిలెను. ఠకారమునకును రేఫమునకును భేదమే లేదు. రెండును తలకట్టు కలిగిన బొక్కలే. ఠకారమును ప్రాణముగా చూచుకొన్న గురువుగారి గుమ్మమునకు నేను పరనమందిరము కోయించి తెచ్చితిని. డబ్బు నా ఒక్కనిది కాదు. ప్రారంభదినము పదునైదు దినములలో ఉన్నది. ఆ పిల్లవానియందు దోషమేమియు లేదు, సరిచూచితినన్నవాడను నేను.

కాగితముమీద వ్రాసిన సున్నలోపలి తెలుపు ఎక్కడికిని పోదు. నల్లని గీత క్రిందుగూడ కాగితము ఉన్నది గదా! రేకులో అట్లుకాదు. అచట గీత యనగా రేకు లేకపోవుటయే. చుట్టును రేకు తెగిపోయిన పిదప నడిమి ముక్కను పట్టుకొనునది ఏది? ఇంత చిన్న సంగతి అరువదియేండ్లు దాటినవానికి తట్టలేదు. తట్టనందుననే, కోయుటకు ముందు గీతను సిద్ధపరచు విద్య యెట్టిది, ఎవరెవరు దానిని ఎట్లు సాగించిరి అని చదువ మొదలిడితిని.

మన దేశమున ఈ విద్యకు మూలము శాసనములలో కనబడును. రాతిపై నైనను రాగిరేకుపై నైనను వ్రాయువాడొకడు, చెక్కువాడొకడు. కొన్ని తామ్రశాసనముల చివర లిఖితము అని ఒకని పేరును, ఉత్కీర్ణము అని మరియొకని పేరును వేరువేరుగ కలవు. తెలుగు శాసనములలో మొదటిదని పలువురు చెప్పు కలమళ్ల శాసనము కడపజిల్లాలోనిది, క్రీ.శ. 575 ప్రాంతపుది, రేనాటి చోళుల కాలమునాటిది. నాటినుండియు చెక్కువానికి చదువు రావలెనను నియమము లేదు. వ్రాసినవాడు గుడి మరచినచో చెక్కినవాడును మరచును. శాసనములను అచ్చు వేయించిన పండితులు తప్పుగా నున్న అక్షరమును అట్లే యుంచి, ప్రక్కను సరియైన రూపమును కుండలీకరణములలో చూపుచుందురు. పూర్వము ఆ కుండలీకరణములను చూచి నవ్వుకొనెడివాడను. ఇప్పుడు నవ్వు రాదు.

అయితే శాసనము చెక్కువానికి నాకు వచ్చిన కష్టము రాదు. ఉలి రాతిలో కొంత లోతు పోయి నిలుచును గాని ఆవలికి దూసికొని పోదు. తాటియాకుపై గంటమును అంతే. గంటము అడ్డముగా నిడుపు గీతలు గీసినచో ఆకు ఈనెవెంబడి చీలుననియు, అందుచేతనే మన అక్షరములు గుండ్రములైనవనియు పెద్దలు చెప్పుదురు. ఆ గుండ్రములే ఇనుపరేకులో నన్ను ముంచినవి. ఆకును కాపాడిన సున్న రేకును చెరచినది.

ఆవలికి దూసికొని పోవు కోత మన దేశమున ఎచట కలదని వెదుకనక్కరలేదు. మీరందరును చిన్ననాట తెల్లవారులు మేలుకొని చూచిన తోలుబొమ్మలాటయందే కలదు. పూర్వము అనంతపురము జిల్లాలో నుండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ధర్మవరము మండలమున నిమ్మలకుంట యను గ్రామము ఈ విద్యకు ప్రసిద్ధి. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. మేకతోలును వెలుగు పారునంతటి పలుచగా చేసి, ముందు బొమ్మ గీసి, పిదప ఉలులతో నగలును చీర అంచులును తొలుతురు. ఆ బొమ్మను దీపమునకెదురుగా పట్టి చూడుడు. హారమేదియు ఒక్క నిడుపు కోతగా ఉండదు. చుక్క వెంట చుక్క, చుక్కకును చుక్కకును నడుమ సన్నని తోలు. ఆ తోలు మిగులకున్నచో సీతమ్మవారి మెడలోని పతకము ఊడి తెరక్రింద పడును. ఏది తీయవలెనో తెలిసినంతమాత్రమున చాలదు, ఏది మిగిల్పవలెనో ముందుగా తలపోయవలెనని ఆ చేతులకు తెలియును. మా యూరికి బండిమీద వచ్చి ఆడిపోయిన వారికి తెలిసిన సంగతి, వారి బొమ్మలు చూచుచు నిద్రపోయిన నాకు తెలియదు.

జపానువారు ఇదే చిక్కును మరియొక రీతిగా తీర్చిరి. బట్టలపై అద్దకమునకు వారు కాగితపు కోతపటములు వాడుదురు. వానికి కటగామి అని పేరు. ఇసే సీమ, అనగా నేటి సుజుకా నగరప్రాంతము, దీనికి పేరుపొందినది. మల్బరీ జాతికి చెందిన చెట్టు నారతో చేసిన కాగితములను పొరలుగా చేర్చి, తునికిజాతి కాయ రసముతో అంటించి గట్టిపరచి, సన్నని కత్తులతో కోయుదురు. నడిమి ముక్కలు రాలకుండ రెండు పొరల నడుమ పట్టుదారములను సాలెగూటివలె పరచి అంటించెడివారు. దారము మిక్కిలి సన్ననిది గనుక అద్దకపు ముద్దను అడ్డగింపదు. బట్టమీద దాని జాడయే కనబడదు. ఇంత నేర్పు ఇనుపరేకులో మనకు సాధ్యము కాదు గాని, వినుటకైనను బాగున్నది గదా!

ఇంతవరకును గీసిన చేయియు కోసిన చేయియు మనుష్యునివే. గీతను మనుష్యుడు సిద్ధపరచి యంత్రమున కప్పగించుట మగ్గముతో ఆరంభమైనది. ధర్మవరము పట్టుమగ్గములను చూచినవారికి మగ్గముపైని వ్రేలాడు అట్టల దండ తెలిసియే యుండును. నిమ్మలకుంట తోలుబొమ్మలకును ఆ అట్టలకును నడుమ దూరము కొన్ని మైళ్లే. మొదటిదానిలో రంధ్రమే నగ. రెండవదానిలో రంధ్రము ఆజ్ఞ.

ఆ అట్టల పుట్టినిల్లు ఫ్రాన్సుదేశములోని లియాన్ నగరము. పువ్వుల పట్టు నేయుటకు పూర్వము ప్రతి పోగును ఎప్పుడు ఎత్తవలెనో చూచుచు త్రాళ్లు లాగు పిల్లవాడొకడు మగ్గమునొద్ద ఉండవలసి యుండెను. మన కాశీలో నక్షాబందులను కులవృత్తివారు బొమ్మను దారములలోనే ముడులుగా కట్టి మగ్గమునకు తగిలించెడివారు. నక్షా యనిన మాట మీకు క్రొత్తది కాదు. కరణముగారి పెట్టెలోని ఊరి పటమునకు అదే పేరు. లియాన్‌లో 1725లో బసీల్ బూషోన్ అనువాడు చిల్లుల కాగితపు చుట్టను ఈ పనికి పెట్టెను. 1728లో ఫాల్కోన్ కాగితమునకు మారుగా అట్టలను దండగా కూర్చెను. 1745లో వోకాన్సోన్ త్రాళ్లు లాగు పిల్లవాడు లేకయే నడచు మగ్గము చేసెను గాని అది వాడుకలోనికి రాలేదు. ఈ ముగ్గురి పనిని కలిపి, నేతగానికి నిజముగా పనికివచ్చు సాధనముగా 1804లో దిద్దినవాడు జోసెఫ్ మరీ జకార్డు. ఆయన పేరే మన మగ్గములపై నేటికిని నిలిచినది.

దాని నడక చెప్పెదను. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగునకు. అట్ట ముందుకు జరిగి సూదుల వరుసకు తగులును. చిల్లున్నచోట సూది అందులో దూరును. దానితో చేరిన కొక్కెము పడుగుపోగును పైకెత్తును. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనుకకు నెట్టును. ఆ పోగు ఎత్తబడదు. ఇంతే. మగ్గమునకు పువ్వు తెలియదు, హంస తెలియదు. చిల్లు కలదా లేదా యని మాత్రమే తెలియును.

అట్లయిన హంస ఎచటినుండి వచ్చినది? గళ్ల కాగితముమీద ఒకడు రంగులు నింపి కూర్చుండెను. ప్రతి గడియు ఒక పోగుల కూడలి. ఆ గళ్లను వరుసవరుసగా చదివి అట్టలకు చిల్లులు పొడిచినవాడు ఇంకొకడు. ఈ చదువునందు ఒక్క గడి తప్పినచో చీరయంతటను ఆ తప్పు మరల మరల పడును. 1839లో లియాన్ నేతగాండ్రు జకార్డు రూపమునే పట్టులో నేసిరి. ఆయన 1834లోనే మరణించియుండెను. ఆ పటము చూచినవారు అది అచ్చు చిత్తరువనుకొనిరి. దానికి 24,000 అట్టలు పట్టినవి. ఇంగ్లండులో గణకయంత్రములు తలపెట్టిన చార్లెస్ బాబేజి ఆ పటము నొకదానిని సంపాదించి ఇంటికి వచ్చినవారికి చూపెడివాడు. తన యంత్రమునకును చిల్లుల అట్టలచేతనే ఆజ్ఞలిత్తునని సంకల్పించెను. నేటి కంప్యూటరు వంశవృక్షమున ఒక కొమ్మ సాలెవాని మగ్గమునుండి వచ్చినదని చెప్పుట ఇందుచేతనే. ఇరువదినాలుగు వేల అట్టలకు చిల్లులు పొడిచినవారి పేరులు మాత్రము ఎవరును చెప్పరు. జకార్డు పేరు తెలియును, నేయించిన సంస్థ పేరు తెలియును. మన తామ్రశాసనములవారు ఈ విషయమున మర్యాదస్తులు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో జాన్ పార్సన్స్ అను నాతడు హెలికాప్టరు రెక్కల ఆకృతిని కొలతల పట్టికతో కోయింపవచ్చునని కనిపెట్టెను. ఆ త్రోవనే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 1952లో చిల్లుల కాగితపు పట్టీ చెప్పినట్లు లోహమును చెక్కు యంత్రమును ప్రదర్శించిరి. 1959లో అదే విద్యాలయమువారు యంత్రమునకు మాటలతోనే ఆజ్ఞలు వ్రాయు భాష నొకదానిని లోకమునకు చూపుచు, దానితో చెక్కించిన అల్యూమినియము గిన్నెలను పత్రికలవారికి పంచిరి. చుట్టల బూడిద రాల్చుకొను గిన్నెలు! లోకమును మార్చు సంగతులు ఒక్కొక్కప్పుడు ఇట్టి వేషములతో వచ్చును.

వంకర గీతలను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలయును. తెలుగువారికి వంకర గీతయే సర్వస్వము గదా! నిడుపు గీతకు రెండు కొనలు చెప్పిన చాలును. వంకరకు ఏమి చెప్పవలెను? ఫ్రాన్సులో మోటారుబండ్లు చేయు రెండు సంస్థలలో ఇద్దరు దీనికి వేరువేరుగా ఒకే జవాబు కనిపెట్టిరి. 1959లో సిట్రోయెన్ సంస్థలో పోల్ ద కాస్తెల్జో మొదట కనిపెట్టెను గాని సంస్థవారు దానిని రహస్యముగా దాచిరి. రెనో సంస్థలోని పియేర్ బెజియే 1962 నుండి ప్రకటించెను. ఇప్పుడు ఆ వంకరకు బెజియే పేరే నిలిచినది. ప్రకటించినవానికి పేరు, దాచబడినవానికి మరుపు. గీతకు రెండు కొనలు. కొనకొక్కటి చొప్పున దూరమునుండి లాగు రెండు చుక్కలు. ఈ నాలుగు చుక్కల స్థానములు చెప్పినచో వంక యంతయు నిర్ణయమగును. నేడు కంప్యూటరులో అకారమైనను ళకారమైనను ఇట్టి వంకల దండయే. పిల్లవాడు ఆ చుక్కలలో ఒకదానిని తెరమీద పట్టి లాగగా మకారము కొమ్ము నా కన్నులయెదుట పొడుగైనది. పలకపై పిల్లవాని చేయి పట్టి దిద్దించినట్లే యుండెను.

ఇక లేజరు. ఒక్క రంగు కలిగి, ఒక్క దిక్కునకు, ఒక్క అడుగున నడచు కాంతి యిది. దానికి ఆధారమగు సూత్రమును ఐన్‌స్టైన్ 1917లో చెప్పెను. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీతో మొదటి లేజరును వెలిగించెను. బొగ్గుపులుసు వాయువుతో లేజరు చేసినవాడు మన దేశమున మహారాష్ట్రములోని బారామతిలో 1938లో పుట్టిన కుమార్ పటేల్. ఆయన 1964లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున ఆ పని చేసెను. ఆ కాంతి కంటికి కనబడదు. కొయ్యయు తోలును అట్టయు దానికి సులభముగా లొంగును. 1965లో వజ్రపు అచ్చులకు బెజ్జములు వేయుటకు లేజరును వాడిరి. 1967లో ఇంగ్లండులో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ అను నాతడు లేజరుతోపాటు ప్రాణవాయువును ఊది ఉక్కురేకును కోసెను. నా రేకును కోసినది గాజుపోగులో పుట్టు మరియొక జాతి లేజరు. జాతి యేదైనను దానికి చదువు రాదు. కలమళ్లలో చెక్కిన ఉలికి ఎంత వచ్చునో దీనికి అంతే.

రేకు చెడిన మరునాడు మరల ఆ దుకాణమునకే పోయితిని. పిల్లవాడు ముక్కాలిపీట వేసెను. "మళ్లీ కోసేముందు నీ పని నాకు నేర్పు నాయనా" అని యడిగితిని. "మీకు నేను నేర్పేదేముంది అయ్యవారూ" అనెను గాని మూడు దినములు ఓపికతో నేర్పెను.

మొదట ఫైలు అనగా నేమో చెప్పెను. ఛాయాపటము వంటి ఫైలు చుక్కల కుప్ప, ముగ్గులో చుక్కలున్నట్లు. పెద్దది చేసినచో అంచు మెట్లు మెట్లుగా కనబడును. కోత యంత్రమునకు చుక్కలు పనికిరావు. ఎచట మొదలై ఎటు తిరిగి ఎచట ముగియవలెనో చెప్పు గీత కావలెను. గీతల ఫైలులకు కొన్ని సంప్రదాయములు ఏర్పడియున్నవి. 1982లో ఆటోకాడ్‌తోపాటు వచ్చిన డి.ఎక్స్.ఎఫ్. అనునది ఒకటి, 2001లో అంతర్జాలపు ప్రమాణసంస్థవారు ఆమోదించిన ఎస్.వి.జి. మరియొకటి. మొదటిదానిలో పూర్వము సంఖ్యయే యుండెడిది గాని అది అంగుళమో మిల్లీమీటరో చెప్పబడెడిది కాదు. 1959లో కుదిరిన ఒప్పందమునుబట్టి అంగుళమునకు సరిగా 25.4 మిల్లీమీటరులు. ఒకరు ఒకటనుకొని ఇంకొకరు మరియొకటనుకొన్నచో గోరంత ముక్క కొండంతయో, కొండ గోరంతయో అగును. కాబట్టి మనకు తెలిసిన ఒక్క కొలతను తెరమీద కొలిచి చూచిన గాని మీట నొక్కరాదు. మా తాతగారు వడ్రంగికి తలుపు చెప్పునప్పుడు జేనలతో చెప్పి, పిదప వాని జేనను తన జేనతో ప్రక్కప్రక్కన పెట్టి చూచెడివారట.

తరువాత అక్షరముల సంగతి. నేను నా చేతిఫోనులో వ్రాసి పంపిన మాట అతని కంప్యూటరులో మొదట పెట్టెలు పెట్టెలుగా కనబడినదట. ఆ అక్షరరూపములు అచట లేవు. తెలుగు లిపికి 1991 నుండి యూనికోడు అను సర్వదేశ ప్రమాణములో స్థానము కలదు గాని, అది ఏ అక్షరమో చెప్పును, దాని వంపు ఎట్టిదో చెప్పదు. అందుచేత కోతకు పంపు మాటను మాటగా నుంచరాదు. గీతగా మార్చి పంపవలెను. గీత యైన పిమ్మట దానిని ఎవరును చదువజాలరు, తప్పు దిద్దజాలరు. దిద్దుట అంతయు మార్చుటకు ముందే కావలెను.

మార్చిన తరువాత ఇంకొక చిక్కు. మన అక్షరమునకు ఒత్తు, కొమ్ము, గుడి కొన్ని అచ్చులలో వేరు ముక్కలుగా వచ్చి ఒకదానిపై ఒకటి పడియుండును. నల్లసిరాలో ఆ సందు కనబడదు. యంత్రము రెండు ముక్కల అంచులను రెండుగా కోయును. అక్షరము నడుమ అడ్డగీత పడును. కాబట్టి వానిని కలిపి ఒక్క అంచుగా చేయవలయును. సంధికార్యము చేయవలెనంటిని. పిల్లవాడు నవ్వెను, అతనికి సవర్ణదీర్ఘసంధి గుర్తున్నదట. గీత ఎచటను తెగియుండరాదు, మొదలు చివర కలియవలెను. ఒకే గీత రెండుసారులు పడియుండరాదు. ఉన్నచో ఆ దారిని మంట రెండుసారులు నడచును. మంటకు తన వెడల్పు కొంత కలదు. వెంట్రుకవాసి రేకు ఆవిరియగును. ఒకదానిలో ఒకటి ఇమిడెడి ముక్కలకు ఆ లెక్క చూడవలెను. మా పేరుబోర్డునకు అక్కరలేదు. లోపలి రంధ్రములు ముందు, వెలుపలి అంచు పిదప కోయవలెను. వెలుపల తెగిన ముక్క కదలిపోవును. ఆపైని లోపల కోసిన కోత తప్పుచోట పడును.

ఇక నా రోగమునకు మందు. నడిమి బిళ్ల రాలకుండ చుట్టు గీతను ఒకటి రెండుచోట్ల తెంపి రేకును మిగుల్పవలెను. దుకాణమువారు దానిని బ్రిడ్జి యందురు. అది రేకు మందమునకు తక్కువ కారాదట. మాది 2 మిల్లీమీటరుల రేకు, 3 మిల్లీమీటరులు ఉంచితిమి. పిల్లవాడు సున్నకు కుడిప్రక్కను ఒక్కటి పెట్టెను. నేను చూచి ఉలికిపడితిని. "ఇది అరసున్న అయింది నాయనా!" అంటిని. అరసున్న యనగా నేమని అతడడిగెను. ఆ కాలపు పిల్లలకు తెలియకుండుటలో వింత లేదు. బడిలో మేము చెప్పుటయే మానివేసితిమి. కాగితముమీద వ్రాసి చూపితిని. ఒకప్రక్క నోరు తెరచిన సున్నను చదువరి అరసున్నగా చదువునని చెప్పగా, అతడు పైన ఒకటియు క్రింద ఒకటియు ఎదురెదురుగా రెండు వంతెనలు పెట్టెను. సున్న సున్నగానే నిలిచినది. రేఫమునకు తలకట్టు పైనున్నది గనుక పైన పెట్టినచో రూపము చెడును. ఎడమ కుడి పెట్టించితిని. గుడికి ఒక్కటి చాలినది. ఠకారమునకు ఒక పూట పట్టినది. నడిమి బిళ్ల నిలిచినచో దానిలోని చుక్క రంధ్రముగా తనంతట నిలుచును. బిళ్ల వణకకుండ వంతెనలు మూడు కావలెనని అతడు, రెండే చాలునని నేను. అతని మాటయే సరియైనది. అట్టలో కోసి వ్రేలితో నొక్కి చూచితిమి.

అక్షరములనే ముక్కలుగా కోసి గోడకు అంటించు వారికి దీనికి సరిగా ఎదురైన కష్టము వచ్చునని అతడు చెప్పెను. పకార సకారముల తలకట్టు ఒంటిని తాకదు గదా! ఆ తలకట్టు వేరు ముక్కయై గంపలో పడును. ఠకారపు చుక్కయును అంతే. దానిని మరల ఎచట అంటింపవలెనో తెలియక ఒక దుకాణము పలకమీద తలకట్టులు తారుమారైనవట. రేకులో నడిమి రాలును. ముక్కలలో తల రాలును. బళ్లలో పకారమునకు తలకట్టు దూరముగా పెట్టవలెనని మేము చెప్పునప్పుడు దాని ఫలమిట్లు ఇనుములో కనబడునని ఎవరు తలచిరి?

రెండవ రేకు ప్రారంభదినమునకు రెండు దినములు ముందుగా సిద్ధమైనది. ఈసారి కాగితము నొకనికే చూపలేదు. గురువుగారి పెద్దకుమారునకు చూపితిని, అయిదవ తరగతి చదువు మనుమరాలికి చూపితిని. ఆమె బిగ్గరగా చదివినది. మీట నొక్కునప్పుడు పిల్లవాడు నావంక చూచెను గాని ఏమియు అడుగలేదు. రేకు ఎత్తినప్పుడు అక్షరముల గీతలు మాత్రము రాలినవి. సాయంకాలము దీపము పెట్టగా వసారా ఎదుటి వీధిలో అక్షరములు తిరగబడి వెలుగుగా పడినవి. ఊరివారిలో వంతెనలను గమనించినవారు ఇద్దరే. అందులో ఒకరు కుట్టుపనివారు.

చెడిన రేకు మా పెరటిలో గడ్డివాము ప్రక్కను ఆనించియున్నది. రాలిన బిళ్లలను పిల్లవాడు ఒక సంచిలో వేసి నాకిచ్చెను. అందు నడుమ చిన్న రంధ్రమున్నది ఠకారము బిళ్ల. బరువుగా ఉండుటచేత నా వ్రాతబల్లమీద కాగితములు ఎగిరిపోకుండ దానినే ఉంచుకొనుచున్నాను. ఈ ప్రసంగపు కాగితములపైనను నేటి ఉదయము వరకు అదే యుండినది.